తాయెత్తులో రెండో చెయ్యి

ఎన్నిసార్లు గుచ్చినా ఆ తాయెత్తు బోర్డును పెన్ డ్రైవని ఒప్పుకోలేదు. పచ్చదీపం వెలగాల్సిన చోట ఏమీ వెలగలేదు. కిరీటి తీగ లాగి, ఊది, మళ్ళీ గుచ్చాడు. కరెంటు సామాను మొండికేస్తే ఇంజనీరైనా, ఇస్త్రీ పెట్టె ముందు కూర్చున్న మనిషైనా మొదట చేసే వైద్యం ఊదడమే. ఫలితం కూడా ఇద్దరికీ ఒకటే.

తాయెత్తంటే నిజం తాయెత్తు కాదు. డాక్టర్లు దానికి పెట్టిన పేరు బారెడు పొడుగుంటుంది, ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. మెడలో గొలుసుకు వేలాడే అగ్గిపెట్టెంత డబ్బా అది. దాన్నుంచి సన్నని తీగ ఒకటి జడ చాటుగా కుడిచెవి వెనక్కి వెళ్తుంది. డబ్బా అడుగున ఒక పెన్ డ్రైవు ఉంటుంది. కిరీటి భార్య ఇందుమతి ఏడేళ్ళ బతుకంతా ఆ పెన్ డ్రైవులోనే ఉంది.

ఎనిమిదో నెల కడుపుతో ఉండగా ఇందుమతికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఒళ్ళు తెలియని స్థితిలోనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు గానీ, కొత్త సంగతి ఏదీ ఇందుమతి తలలో నిలవడం మానేసింది. పాతవన్నీ పదిలంగా ఉన్నాయి. బడిలో పక్కన కూర్చున్న పిల్లల ఇంటిపేర్లు, మగ్గం పనిలో చేతి ఒడుపు, కట్నం వద్దన్న పెళ్ళికొడుకు చెప్పులు మాత్రం కొత్తవి కావాలన్న ముచ్చట, ఎనిమిదో నెల కడుపులో బిడ్డ తన్నిన తన్నులు, అన్నీ గుర్తే. ఆ తరవాత జరిగినదంతా నీటిమీద రాత.

డాక్టర్ జకియా ఆమె చెవి వెనక ఆ యంత్రాన్ని అమర్చింది. మనసు పట్టుకోలేనిదాన్ని అది పట్టుకుని పెన్ డ్రైవులో రాస్తుంది, మనసు వెతుక్కున్నప్పుడు తిరిగి అందిస్తుంది. అది ఉన్నంతసేపూ ఇందుమతి అందరిలాంటి మనిషే. తీస్తే మాత్రం ఏడేళ్ళు వెనక్కి, ఆ ఎనిమిదో నెలకి వెళ్ళిపోతుంది. కూతురు మేదిని ఆమెకు ఆ పెన్ డ్రైవులో తప్ప మరెక్కడా లేదు.

ఇప్పుడా పెన్ డ్రైవు చచ్చిపోతోంది. ఏళ్ళ తరబడి రోజూ రాయించుకుని అరిగిపోయింది. చేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. బజారులో దొరికేవి గుచ్చుదామంటే తాయెత్తు తన కంపెనీ సరుకును తప్ప దేన్నీ గడప దాటనివ్వదు. అందుకని కిరీటి, అరచేతిలో సగం కూడా లేని ఒక చిన్న బోర్డు తెచ్చాడు. బుల్లిదైనా అది పూర్తి కంప్యూటరు. ఏ వేషం వెయ్యమంటే ఆ వేషం వేస్తుంది. దాని చేత ఆ పాత పెన్ డ్రైవు వేషం వేయించి, ఆ పేరే చెప్పించి, తాయెత్తును నమ్మించాలని అతని ప్రయత్నం.

కాకినాడ రామారావుపేటలో మందుల షాపు మీద మూడు గదుల ప్రయోగశాల వాళ్ళది. జకియా దాని పెద్ద, కిరీటి అక్కడి ఎలక్ట్రానిక్స్ మనిషి. బల్ల మీద పరీక్షల కోసం ఇంకో తాయెత్తు ఉంది. ఇంట్లో పెన్ డ్రైవులోంచి రోజుకింత ఊడిపోతుంటే, ఇక్కడ ఈ తాయెత్తు బోర్డు ముఖం కూడా చూడటం లేదు.

బోర్డులో పోసిన సాఫ్ట్‌వేరంతా తుడిచి మళ్ళీ పోశాడు. అయినా అదే మౌనం. ఒక రోజంతా తల పట్టుకున్నాక, సాయంత్రం టీ తాగుతూ చేతిలోని తీగ వంక చూశాడు. జకియా మేడం హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చిన ఫోన్ ఛార్జింగు తీగ అది. ఛార్జింగుకు కరెంటు పారితే చాలు, మాటలు పోవడానికి అందులో దారే లేదు.

"మేడం, మీరిచ్చిన తీగ మూగది," అన్నాడు.

"నా ఫోన్ రోజూ దాంతోనే బతుకుతోందయ్యా," అంది జకియా.

"బతకడానికి సరిపోతుందండీ. మాట్లాడ్డానికి పనికిరాదు."

తీగ మార్చాడు. అయినా వెలగలేదు. బోర్డుకు పక్కపక్కనే కవలల్లా రెండు రంధ్రాలు ఉన్నాయి. ఒకటి ఉత్త కరెంటుది, రెండోదే మాటలది. తప్పు దాంట్లో గుచ్చాడు. సరైన దాంట్లో పెట్టాక దీపం ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. బోర్డు నిద్ర లేచి వేషం కట్టుకునేలోపు తాయెత్తుకు విసుగొచ్చి తలుపు మూసేస్తోంది. మిగతా పనులన్నీ పక్కన పెట్టి, లేవగానే మొట్టమొదట వేషమే వేసుకోమని బోర్డుకు నేర్పాడు. ఈసారి పచ్చదీపం వెలిగి, అలాగే నిలబడింది. జకియా చప్పట్లు కొట్టలేదు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆమె దగ్గర అలాంటి పెన్ డ్రైవులతో బతికేవాళ్ళు ఇంకా కొందరున్నారు.

వెళ్ళేముందు కిరీటి గోడమీద తెల్లబోర్డు పైన ఎర్ర అక్షరాలతో ఒక ముక్క రాశాడు: "తాయెత్తుకు తగిలించి ఉండగా వెనకనుంచి ఎవరూ రాయరాదు." తన కోసమే రాసుకున్నాడు. వేషం బోర్డుదైనా, సరుకు తనొక్కదానిదే అని తాయెత్తు నమ్ముతుంది. ఎక్కడ ఏముందో, ఎక్కడ ఖాళీయో ఒకసారి చూసి మనసులో పెట్టుకుంటుంది, మళ్ళీ చూడదు. దాని వెనక ఇంకో చెయ్యి రాస్తే అది గమనించదు.

*

తాయెత్తు తుడిచి శుభ్రం చెయ్యడానికి అప్పుడప్పుడూ పెన్ డ్రైవు తియ్యాల్సి వచ్చేది. అప్పుడు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మేదినిని పైవాటా మామ్మగారింటికి పంపేస్తారు. వీధి తలుపు వేస్తారు. ఇందుమతి మగ్గం చట్రం ముందు పీట మీద కూర్చుంటుంది. అంతా అయ్యాక కిరీటి మెట్ల కింద నిలబడి "రావచ్చు!" అని కేకేస్తే మేదిని దిగుతుంది. బడిలో పిల్లలు ఆడుకోవడానికి రమ్మన్నా "ఇవాళ మా అమ్మకి సర్వీసింగు" అని చెప్పి వచ్చేస్తుంది ఆ పిల్ల.

బోర్డు అమర్చిన రోజు కూడా అలాగే చేశారు. పెన్ డ్రైవు బయటికి రాగానే ఇందుమతి రెండు చేతులూ పొట్టమీదికి వెళ్ళాయి. ఎప్పుడూ మొదట అక్కడికే వెళ్తాయి.

"ఏవండీ, నా కడుపు..." ఆమె గొంతు లేచిపోయింది. "నా బిడ్డ ఏదండీ? ఏం చేశారు నా బిడ్డని?"

"పాప బాగానే ఉంది ఇందూ. పడుకుంది. ఒక్క క్షణం," అన్నాడు కిరీటి. ఏడేళ్ళుగా ఆ మాటే చెబుతున్నాడు.

పచ్చదీపం వెలిగింది. ఇందుమతి నిట్టూర్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "మళ్ళీ అరిచానా?" అంది. తరవాత మెడ వంచి నడుముకు కట్టిన కొత్త సంచీలో ఉన్న బోర్డును, దాని బ్యాటరీని చూసుకుంది. "పాపాయంత బరువుందేంటండీ! మేదినిని పిలవండి. దానికి ఇది చూపించాలి."

కిరీటి తలుపు తీస్తే మేదిని పైన లేదు. మెట్లమీదే కూర్చుని ఉంది. లోపల వినిపించినదంతా వింది. తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది: "నాన్నా, అమ్మకి నేను గుర్తులేనప్పుడు నేనెక్కడుంటాను?"

"ఇక్కడే ఉంటావురా," అన్నాడు. ఆ ప్రశ్న మాత్రం అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఇక ఆ తాయెత్తు ఆపే అవసరం మళ్ళీ రాకుండా చూసుకోవాలని ఆ పూటే నిర్ణయించుకున్నాడు. జరిగిన అనర్థమంతా ఆ ప్రేమలోంచే వచ్చింది.

*

పాత పెన్ డ్రైవులోంచి బోర్డులోకి దాదాపు అంతా వచ్చింది. అక్కడక్కడ కొన్ని రోజులు చదవడానికి వీల్లేకుండా పాడయ్యాయి. పోయినవాటిలో ఎక్కువ మామూలు రోజులే. ఒక్కటి మాత్రం మామూలుది కాదు. మేదిని మొదటిసారి అడుగులు వేసిన రోజు. మగ్గం చట్రం కోడు పట్టుకుని నిలబడి, అది వదిలేసి, తల్లివైపు మూడడుగులు వేసి ఒళ్ళో పడింది. ఇందుమతి ఆ కథను మేదినికి వందసార్లు చెప్పి ఉంటుంది. బోర్డు అమర్చాక మేదిని అడిగితే, "ఏ అడుగులే?" అంది. మేదిని బొమ్మల పుస్తకం తీసుకుని కూర్చుంది. అది చూసి కిరీటి ఆ పోయిన రోజు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ప్రయోగశాలలో మూలపడి ఉన్న పాత లాప్‌టాప్‌లో, ఎప్పుడో పరీక్షల కోసం తీసిన నకలులో ఆ రోజు దొరికింది. పెట్టాలంటే తాయెత్తు ఆపాలి. ఆపితే మళ్ళీ ఆ అరుపు, మళ్ళీ మెట్లమీద ఆ పిల్ల. ఆపకుండా పెట్టే దారి ఒకటుంది. బోర్డుకు వైఫై ఉంది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా దాంట్లోకి వెనక తలుపు నుంచి వెళ్ళొచ్చు.

గోడమీద ఎర్ర అక్షరాలు రాసినవాడే ఆ తలుపు తీశాడు. ప్రతి ఆదివారం పొద్దున బోర్డు మొత్తానికి నకలు తీసుకోవడం అతనికి అలవాటు. ఆ ఆదివారం పొద్దున నకలు తీసుకున్నాడు. సాయంత్రం ఇందుమతి వంటింట్లో జంతికలు వేయిస్తోంది. 'ఒక్క చిన్న ముక్క. రెప్పపాటు పని. జంతికలు వేయించేటప్పుడు పెద్దగా గుర్తుపెట్టుకునేదేం ఉంటుంది' అనుకుని, ముందుగదిలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ రోజును బోర్డులో ఖాళీ ఉన్నచోట రాసేశాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి "అబ్బా!" అని కేక వినిపించింది. మూకుట్లో నూనె చిట్లి ఆమె మణికట్టు మీద పడింది. కిరీటి పరుగెత్తి చన్నీళ్ళు పోసి, మందు రాసి, గుడ్డ కట్టాడు. పెద్ద గాయం కాదు. జంతికలు బాగా కుదిరాయి. మేదిని పిడికిళ్ళతో జేబుల్లో పోసుకుంది.

*

మొదట రెండు రోజులు ఏమీ తెలియలేదు. పైగా మంచి కబురు కూడా. మేదిని ముందుపన్ను ఊడితే తల్లి దాన్ని దూదిలో చుట్టి దాచింది. తరవాత ఒక సాయంత్రం మేదిని బడి వ్యాను దిగి, ఎప్పటిలాగే చేతులు చాచి తల్లివైపు పరుగెత్తుకొచ్చింది.

"రాకు!" ఇందుమతి గోడకు అతుక్కుపోయింది. "అక్కడే ఆగు! దగ్గరికి రాకే!"

మేదిని బ్యాగుతో సహా ఆగిపోయింది. ఇందుమతి కింద కూర్చుని, పిల్ల మేజోళ్ళు విప్పి, పాదాలు తిప్పి తిప్పి చూసింది. కిరీటి ఇంటికొచ్చేసరికి ఇంకా చూస్తూనే ఉంది.

"మచ్చేదండీ?" అంది అతన్ని చూడగానే. "దీని కాళ్ళు కాలినప్పుడు ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాం?"

"కాళ్ళు కాలడమేంటి ఇందూ?"

"మగ్గం కోడు వదిలేసి నావైపు వచ్చిందండీ. ఒకడుగు, రెండడుగులు. మూడో అడుగు వేసేసరికి నూనె. నా చేతి మీదుగానే పడింది." ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు, భయమే ఉంది. "నా వల్లే కదా? ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచారు కదూ?"

"అలాంటిదేమీ జరగలేదు. నా మీద ఒట్టు."

"నాకు గుర్తుంది కదండీ!"

ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు లోకంలో ఎవరికుంటుంది? ఏం జరిగిందో కిరీటికి ఆ క్షణమే అర్థమైంది, ఆమెకు మాత్రం చెప్పలేదు.

ఆ తరవాత ఇందుమతి పొయ్యి వెలిగించలేదు. మేదినికి అన్నం పైనుంచి మామ్మగారు తెచ్చేవారు. పిల్ల గదిలోకొస్తే తల్లి గదిలోంచి లేచిపోయేది, పోయి తలుపు చాటునుంచి ఆ కాళ్ళకేసే చూసేది. మేదిని గోడవారగా, పాదం ముందు పాదం పెట్టి నడవడం నేర్చుకుంది. "చూడమ్మా, నెమ్మదిగా నడుస్తున్నా కదా. పరిగెత్తట్లేదు. భయం లేదు," అనేది. కిరీటి అది చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

*

"రాసిందెవరు?" అంది జకియా.

వెనకనుంచి చదవడంలో తప్పు లేదు, రాయడమే తప్పు. కిరీటి బోర్డులో ఉన్నదంతా చదివి తెచ్చాడు. తెర మీద కనిపిస్తోంది. రెండు రోజులు ఒకే చోట ఉన్నాయి. అక్కడ ఖాళీ అనుకుని తాయెత్తు ఆ ఆదివారం సాయంత్రాన్ని రాసింది. కిరీటి రాసిన మొదటి అడుగుల మీద జంతికల నూనె పడింది.

"నేనే మేడం."

"ఆవిడకి తగిలించి ఉండగానే?"

అతను తలూపాడు. జకియా గోడమీది ఎర్ర అక్షరాల వంక చూసింది, అతని వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

"ఆమె నిద్రపోతున్నప్పుడు తాయెత్తు పాతవన్నీ ఒకసారి తిరగేస్తుంది. తిరగేసినప్పుడల్లా ఈ కల్తీ పక్క రోజులకి అంటుకుంటుంది. ఇప్పటికే అంటుకుంది, చూడు," అంది ఆమె తెర చూపిస్తూ. "ఏరి తీయడం కుదరదు. ఆ ఆదివారం పొద్దున తీసిన నకలుకు వెనక్కి వెళ్ళాలి. ఈ వారమంతా పోతుంది."

"భయం కూడా పోతుందిగా మేడం."

"పోతుంది. నువ్వు చేసింది కూడా పోతుంది. ఆమెకు ఏదీ గుర్తుండదు."

కిరీటికి గుండెమీంచి బరువు దిగినట్టయింది. దిగిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. జకియా అది కనిపెట్టింది కాబోలు, ఆ పొద్దుటి నకలు ఎక్కించి బోర్డులో పెట్టాల్సిన కొత్త మెమరీ కార్డు అతని చేతిలో పెడుతూ అంది: "ఈసారైనా అడిగి చెయ్యి కిరీటీ. ఆమెకు నేను ఇచ్చిన తల అది. నేను కూడా ఆమెను అడగకుండా ఏదీ ముట్టుకోను."

*

శనివారం మధ్యాహ్నం అతను భార్యకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. మేదిని గుమ్మంలో ఉంది.

"మేదిని కాళ్ళు ఎప్పుడూ కాలలేదు ఇందూ. కాలింది నీ చెయ్యి, మొన్న ఆదివారం. ఆ రెండూ కలిసిపోయాయి. కలిపింది నేను."

అంతా చెప్పాడు, ఆదివారం పొద్దుటి నకలుకు వెనక్కి వెళ్ళాలన్నది కూడా. చెప్పడం అయ్యాక ఆమె మణికట్టు గుడ్డ సర్దుకుంటూ అడిగింది: "అంటే నేనక్కడ జంతికలు వేయిస్తుంటే, మీరిక్కడ కూర్చుని నా తలలో రాస్తున్నారా?"

"తలలో కాదు. బోర్డులో..."

"నాకు రెండూ ఒకటే కదండీ."

"మంచి రోజే కదాని పెట్టాను ఇందూ. తాయెత్తు ఆపితే నువ్వు భయపడతావు, పిల్ల వింటుంది..."

"మంచిదో చెడ్డదో, నాది. ఒక్క మాట అడిగుంటే వద్దంటానా? నేనే ఆపుకుని కూర్చునేదాన్ని కదా!" ఆమె గొంతు పెద్దది కాలేదు, అదే అతనికి భరించరానిదైంది. "ఈ ఏడేళ్ళూ నాకు తెలియనివన్నీ మీరు చెబితేనే తెలుసుకున్నాను. మీరు చెప్పిందే నిజమనుకుని బతికాను. ఇకనుంచి నాకేది గుర్తొచ్చినా, ఇది నాదేనా, ఈయన పెట్టిందా అని చూసుకోవాలా?"

కిరీటికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. "ఈ వారం పోతే ఏమేం పోతాయి?" అంది.

"మేదిని పన్ను ఊడింది. సోమవారం బడిలో అది పాట పాడింది, విని వచ్చావు. ఇంకా ఈ భయం. ఈ మాటలు."

ఇందుమతి గుమ్మం వైపు తిరిగింది. కాళ్ళవైపు చూడకుండా ముఖంలోకి చూడటానికి ఆమె ఎంత కష్టపడిందో తండ్రీకూతుళ్ళిద్దరికీ కనిపించింది. "నీ పన్ను ఊడిన సంగతి మర్చిపోతానే. కోపమా?"

"మళ్ళీ చూపిస్తాలేమ్మా," అంది మేదిని. "ఖాళీ అలాగే ఉంటుందిగా."

ఇందుమతి నవ్వబోయింది, నవ్వు రాలేదు. మొగుడి వైపు తిరిగి అంది: "సరే, తీయండి. కానీ తిరిగొచ్చాక నాకిది గుర్తుండదు. మీకు హాయిగా ఉంటుంది."

"ఇందూ..."

"చెప్పనివ్వండి. మీరు చేసింది నాకు చెప్పాలి. నాకు కోపం వచ్చిందని కూడా చెప్పాలి. ఆ కోపం నేను పారేసుకోవట్లేదు, మీ దగ్గర దాచి వెళ్తున్నాను. తిరిగొచ్చాక ఇచ్చెయ్యండి."

"ఇస్తాను. మరి మొదటి అడుగుల రోజు?"

"ఆ లాప్‌టాప్‌లోనే ఉండనివ్వండి. అంతా విన్నాక అప్పుడు నన్నడగండి. పెట్టాలో వద్దో ఆ తిరిగొచ్చినావిడ చెబుతుంది."

కిరీటి అలవాటు ప్రకారం లేచి, "మేదినీ, పైకెళ్ళమ్మా," అన్నాడు. మేదిని కదల్లేదు.

"నేను నిన్ను గుర్తుపట్టనే," అంది ఇందుమతి.

"తెలుసు. మెట్లమీంచి విన్నాను. వినడం కంటే చూడ్డమే నయం."

తాయెత్తు పక్కన చిన్న మీట ఉంది. అది నొక్కి పట్టుకుంటే రాస్తున్నది ముగించి, తాయెత్తు తనంతట తాను సరుకు వదిలేస్తుంది. ఇన్నాళ్ళూ కిరీటే నొక్కేవాడు. ఇప్పుడు ఇందుమతి అతని చెయ్యి తోసేసి తనే నొక్కుకుంది. పచ్చదీపం ఆరిపోయింది.

చేతులు పొట్టమీదికి వెళ్ళాయి.

"ఏవండీ... నా కడుపు! నా బిడ్డ ఏదండీ?"

కిరీటి గబగబా బోర్డులోంచి పాత కార్డు లాగాడు. కొత్తది చేతిలోంచి జారి మగ్గం చట్రం కిందికి పోయింది. అతను కింద దేవులాడుతున్నాడు. ఇందుమతి లేచి నిలబడింది, ఏ గది వైపు పరుగెత్తాలో తెలియక గిరుక్కున తిరిగింది. మేదిని గోడవారగా, పాదం ముందు పాదం పెట్టుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"పాప బాగానే ఉందండీ," అంది.

ఇందుమతి ఆగింది. "నువ్వెవరమ్మా?"

"మేదినినండీ."

"నువ్వు చూశావా నా బిడ్డని?"

"చూశానండీ. ఆడపిల్ల. జుట్టు చాలా ఉంది. మీరు కంగారుపడకండి. కూర్చోండి, రెండు నిమిషాల్లో చూపిస్తాం."

ఇందుమతి పీటమీద కూలబడింది. ఆ పిల్ల చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. పరాయి పిల్లే అయినా వదలలేదు. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక పిల్ల మొహంలోకి చూసి, "ఒక్కదానివే వచ్చావా? మీ అమ్మ వెతుక్కోదూ నీకోసం?" అంది.

"వస్తోందండీ," అంది మేదిని. "వచ్చేస్తుంది."

చట్రం కింద కార్డు దొరికింది. కిరీటి దాన్ని బోర్డులో పెట్టాడు. తీగ మాట్లాడే తీగేనా, రంధ్రం సరైనదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. గుచ్చాడు. దీపం మిణుకుమంది. ముగ్గురూ దానికేసే చూశారు. నిలబడింది.

ఇందుమతి కళ్ళు మూసి తెరిచింది. చేతిలో ఉన్న చేతిని చూసుకుంది, పైకి చూసింది.

"నువ్వు పైకెళ్ళలేదే!" అంది కూతుర్ని దగ్గరికి లాక్కుని. "అయ్యో, నీ పన్నేదే? ఎప్పుడూడింది?" మేదిని ఆమె మెడలో మొహం దాచుకుంది. కూతురి వీపు నిమురుతూనే ఇందుమతి కిరీటితో అంది: "ఏవండీ, జంతికల్లోకి వాము తెమ్మన్నాను. తెచ్చారా?"

ఆమెకింకా ఆ ఆదివారం పొద్దునే. ముఖంలో భయం లేదు, కోపం లేదు, అతని మీద అనుమానం ఏ కోశానా లేదు. ఏడేళ్ళుగా అతను చూస్తున్న ముఖమే.

అప్పుడామె తన మణికట్టు చూసుకుంది. "ఇదేంటి? నా చేతికేమైంది?"

నూనె చిట్లిందంటే చాలు. అందులో అబద్ధం కూడా లేదు. తల్లి భుజం మీంచి మేదిని తండ్రివైపే చూస్తోంది.

"నూనె చిట్లింది," అన్నాడు కిరీటి. ఆమెకు ఎదురుగా, మళ్ళీ నేలమీద, ఇందాక కూర్చున్న చోటే కూర్చున్నాడు. "నూనె చిట్లినప్పుడు నేను ముందుగదిలో ఉన్నాను. నిన్ను అడక్కుండా నీలో రాశాను ఇందూ. నీకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం నా దగ్గర దాచమన్నావు. ఇదిగో, ఇచ్చేస్తున్నాను."